థి పండు వాసన

థి పండు వాసన సోకిన రంగస్థలం మీద నటులు తాళం తప్పుతారని సైగాన్ నాటకాలవాళ్ళంతా నమ్ముతారు. కారణం కూడా చెబుతారు. ప్రతి నాటకశాలలోనూ తెరవెనక పీఠం మీద ఎర్రబట్టలు కట్టుకుని బొమ్మలై కూర్చున్న ఇద్దరు తాతలు నిజానికి నాటకాల పిచ్చితో రాజభవనం విడిచి వచ్చి, నటుల పెట్టెల మధ్య దాక్కుని, అక్కడే చనిపోయిన పసి రాకుమారులు; బంగారు రంగులో గుండ్రంగా ఉండే ఆ పండు వాళ్ళకు ప్రాణం; వాసన తగిలిందంటే పీఠం దిగి దాని వెంట పోతారు; వాళ్ళు లేని వేళ పాడేవాళ్ళ గొంతుకు కాపలా ఉండదు. ఆదివారం మధ్యాహ్నం ఆటకు మొదటి గంట కొట్టేసరికి ఆ పండు పాతకాలపు నటి కియూ సా అలంకరణ బల్ల సొరుగులో, ఆమె కూతురి చేతిరుమాలులో చుట్టి ఉంది.

సొరుగు మూసినంత మాత్రాన వాసన ఆగదు. చెక్క పాతది, అంచులు అరిగిపోయాయి, పండు బాగా మాగింది, పైన తిరిగే పంకా గదిలోని గాలినంతటినీ సమానంగా పంచుతోంది. బియ్యపు పొడి వాసన, కొబ్బరినూనె వాసన, ఎన్ని ఆటల చెమటో పీల్చుకున్న పట్టుబట్టల వాసన, వీటన్నిటి మీదుగా అది తేలుతోంది, లేక తేలుతోందని తను అనుకుంటోంది, భయపడేవాళ్ళ ముక్కును నమ్మడానికి లేదు. సెన్ ఎంత సంతోషంగా తెచ్చింది. సాడెక్ నుంచి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని, నలక్కుండా. ఇది ఎక్కడిదే అంటే, "సంతలో అమ్మా, ఒక్క ముసలామె దగ్గరే ఉన్నాయి. నువ్వు పడవ నాటకాలకు పోకముందు థి పండు చేతిలో లేనిదే నిద్రపోయేదానివి కాదట కదా, అమ్మమ్మ చెప్పేది," అంది. నలభై దాటిన కూతురు, సొంతంగా మందుల దుకాణం నడిపే మనిషి, ఏ మాత్రకు ఏ మాత్ర పడదో చూడకుండా చెప్పగలదు. తెరవెనక ఏది పడదో ఆమెకు ఎవరు చెప్పారు గనక? చెప్పవలసిన తల్లి ఎప్పుడు దగ్గరుంది గనక? తీసుకెళ్ళి బయట పారెయ్యి అనడానికి నోరు తెరిచి, "ఎంత మంచి వాసనే," అంది. అన్నాక నిజంగానే మంచి వాసన. ఎనిమిదేళ్ళ వయసులో నాటకాల పడవ ఎక్కిన రోజున, పాట నేర్పే ఐదో అమ్మ తన చేతిలోంచి లాగి నదిలోకి విసిరేసిన పండు, అది నీళ్ళమీద పసుప్పచ్చగా ఊగుతూ వెనక్కి వెనక్కి పోవడం. ఆ తర్వాత ఇదిగో, ఇవాళ.

"మూడో వరసలో ఉంటానమ్మా," అంది సెన్ వెళ్ళబోతూ. "నాకిదంతా ఏం తెలీదు. పక్కవాళ్ళు చప్పట్లు కొడితే నేనూ కొడతా."

"పక్కవాళ్ళు కొట్టకపోతే?"

"నేనెందుకు కొడతాను, సిగ్గు కాదూ," అని నవ్వి వెళ్ళిపోయింది.

అద్దంలో ముఖం తెల్లబడింది, అంటే పూత సరిపోయింది. ముడతలు గీసుకోవలసిన పని ఇప్పుడు లేదు, పూత పలచగా వేస్తే అవే బయటపడతాయి. ఒకప్పుడు ఇరవై ఏళ్ళ వయసులో ముసలి వేషానికి నల్ల పెన్సిలుతో ఎంతసేపు గీసుకునేది. ఈ నాటకంలోనే రాకుమారి తను. పోస్టరు మీద తన ముఖం చో లోన్ బజారు గోడలనిండా, వానకు తడిసి చెంపలు ఊడిపోతే మళ్ళీ దానిమీద తన ముఖమే అంటించేవారు. ఇప్పుడు రాకుమారి లొవాన్. లొవాన్ మంచి పిల్ల, గొంతుంది, తాళం ఉంది, ఆటకు ముందు తాతలకు ఒకటికి మూడుసార్లు అగరొత్తులు వెలిగించే భయమూ ఉంది. తనది తల్లి వేషం. యుద్ధానికి పోయే కొడుకును రేవులో సాగనంపే తల్లి. ఒకే ఒక్క పాట, ఆ పాటలో అసలైనది మొదటి వాక్యం ఒక్కటే. ఈ నాటకాలకు ప్రాణమైన వొంగ్ కో పాటలో మొదటి వాక్యానికి తాళం ఉండదు. వాయిద్యాలన్నీ ఆగి వింటాయి. పాడేవాళ్ళు ఒక్క ఊపిరిలో మాట వెంట మాట ఎక్కి, పైన నిలబడి, అక్కడినుంచి హో అనే ఆధార స్వరం మీదికి దిగాలి. దిగిన ఆ క్షణంలోనే గిటారూ, వాద్యగాడి కాలికింది చెక్క తాళమూ కలిసి పడాలి. జనం చప్పట్లూ అక్కడే, ముందూ కాదు తర్వాతా కాదు. ఈ ఊరి ప్రేక్షకుడు కథకోసం రాడు, కథ అతనికి తెలుసు, ఆ దిగడంకోసం వస్తాడు. దిగితే దేవత. దిగకపోతే నెత్తిమీద ఎన్ని సినిమాల కిరీటం ఉన్నా ఇంటికి పోయి బియ్యం కడుక్కోవలసిందే.

నది నిండినా పడవ నిండినా ఊరి దీపాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయినా నీవు తిరిగి వచ్చేదాకా ఈ రేవు మెట్టు మీద నా చేతి దీపాన్ని ఆరనివ్వను కొడుకా. ఎంత పొడుగు వాక్యం. రాసినవాడు కియూ సా ఊపిరి చూసి రాయలేదు, అప్పటి గాయనిని చూసి రాశాడు, ఆమె ఇప్పుడు లేదు. రిహార్సల్లో కొన్నిసార్లు చాలింది, కొన్నిసార్లు రేవు మెట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతులో ఇసుక. మధ్యలో పీల్చుకోవచ్చు. పీల్చుకోకూడదని ఎక్కడా రాసిలేదు, చాలామంది పీల్చుకుంటారు. కాని ఐదో అమ్మ మెడదాకా నదిలో నిలబెట్టి పాడించేది, అల వస్తే గడ్డం తగిలేది, "మధ్యలో నోరు తెరిచావా, నీళ్ళు తాగుతావే ముండా," అని ఒడ్డునుంచి అరిచేది, ఆకు నములుతూ, ఎర్రగా ఉమ్ముతూ. వాన రోజుల్లో ఖాళీ నీళ్ళజాడీలో తలపెట్టి పాడించేది. జాడీలో గొంతు తనది కానట్టు ఉండేది, పెద్దగా, చుట్టూ, లోపల ఇంకెవరో ఉండి పాడుతున్నట్టు. భయమేసి తల బయటికి తీస్తే వీపుమీద దెబ్బ పడేది. అది నువ్వేనే, బాగా విను, అది నువ్వే.

తను కాదని తెలిసింది తర్వాత, సినిమాల్లో. నీ కళ్ళు కావాలి, నీ నడక కావాలి అన్నాడు దర్శకుడు, గొంతు మాత్రం వద్దు. చివరి వరసకు వినిపించడానికి పుట్టిన గొంతు నీది, ఇక్కడ చివరి వరస జానెడు దూరంలో ఉంటుంది, పైగా ఆ పల్లెటూరి యాస. కాబట్టి తన బదులు థుక్ అని ఒకావిడ మాట్లాడేది. ఉత్తరాదినుంచి వలస వచ్చిన మనిషి, కళ్ళజోడు, నిండు గర్భిణి, మొదటిసారి చూసినప్పుడు డబ్బింగ్ గది బయట నిలబడి రొట్టె తింటోంది. "మీ నోరు నాకు మీ అమ్మకంటే బాగా తెలుసు," అంది ఆమె నవ్వుతూ, "ఏడ్చేముందు కుడి మూల కొంచెం వణుకుతుంది, అక్కడ నేను ఊపిరి పడతాను." ఊరూరా సినిమా హాళ్ళలో థుక్ గొంతుతో తను నవ్వింది, థుక్ గొంతుతో చచ్చిపోయింది. సాడెక్‌లో అమ్మ, మనవరాలిని చంకన వేసుకుని ప్రతి సినిమాకూ పోయేది, అదుగో మీ అమ్మ, విను మీ అమ్మ మాట. షూటింగులు ఆగిన ఒక కొత్త సంవత్సరానికి బొమ్మలు తీసుకుని ఇంటికి వెళితే, గుమ్మంలోంచి సెన్ అని పిలిస్తే, పిల్ల అమ్మమ్మ వెనక్కి పోయి నిలబడింది. ఈమె మా అమ్మ కాదు. మా అమ్మ ఇలా మాట్లాడదు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది, నవ్వడం చేతనైన పనే గనక. అప్పుడు ఏం చేసింది? మోకాళ్ళమీద కూర్చుని, థుక్‌లా, ఆ పట్నం పలుకుతో, ఆ మెత్తదనంతో, ఇలా రా బంగారూ, అంది. పిల్ల వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆ తర్వాత ఎన్ని రాకలకు, ఎన్నేళ్ళు, ఆ గుమ్మం దాటినప్పుడల్లా ఇంకొకావిడ గొంతు తొడుక్కుని కూతురితో మాట్లాడింది. ఎప్పుడు మానేసిందో గుర్తులేదు, మానేసినప్పుడు పిల్ల ఏమీ అనలేదన్నది మాత్రం గుర్తు. పిల్లలకు చాలా తెలుస్తాయి. రంగస్థలం మీద తన పాట మాత్రం సెన్ ఒక్కసారైనా వినలేదు. ఇవాళే. మూడో వరసలో. పక్కవాళ్ళు కొడితే కొడుతుందట.

ఏడో అన్న గుమ్మంలో నిలబడి దగ్గాడు. ఎవరింట్లో వాళ్ళు పుట్టిన వరసే పేరుగా పిలుచుకునే దేశంలో అతను ఏడు, తను ఆరు. ఈ నాటకశాలలో తన పాత గొంతు ఎరిగిన వాద్యగాడు ఇంక అతనొక్కడే. లోతుగా చెక్కిన మెట్ల గిటారు భుజాన ఉంది.

"ఆరూ, తీగలు ఒక స్వరం దించాను. ఇంకో అర దించనా?"

"ఇంకా దించితే నేను మగవేషం వెయ్యాలి."

"వేస్తే తప్పేంటి, మీసం నా దగ్గరుంది," అని, ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చి, వెళ్ళిపోయాడు.

తెలిసింది అతనికి. తెలిసి ఊరుకున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట గొంతు జారిన ఆవేళ కూడా గిటారు అతనిదే. మూడు వారాలు వానలో షూటింగు చేసి, జలుబుతో, ఛాతీలో పిల్లికూతలతో వచ్చి అదేరోజు స్టేజీ ఎక్కింది, టికెట్లు అమ్ముడైపోయాయి గనక, కియూ సా గనక. పైకి ఎక్కింది, నిలబడింది, దిగబోయేసరికి కాళ్ళకింద మెట్టు లేదు. హో రాలేదు. ఏడో అన్న చెయ్యి తీగలమీద లేచి ఆగిపోయింది, చెక్క తాళం ఒంటరిగా టక్కుమంది, ఆ టక్కు తర్వాతి నిశ్శబ్దం, చౌక టికెట్లలోంచి ఒక్కడి నవ్వు. తెర దించాక ఎవరో కనిపెట్టారు: గేటు దగ్గర ఒక ముసలామె గంపలో థి పండ్లు అమ్ముతోంది. అంతే. అందరికీ ప్రాణం లేచివచ్చింది. గంప తన్నేశారు, ఆమెను వీధి చివరిదాకా తరిమారు, తాతలకు పంది తల పెట్టి క్షమించమన్నారు, నీ తప్పేముంది ఆరో అక్కా, పండు వాసనకు ఎవరైనా ఏం చేస్తారు అన్నారు. తను అవునంది. జలుబు మాట ఎవరికీ చెప్పలేదు. పండు అయితే తనది తప్పు కాదు. పండు అయితే తాతలు అలిగారు, అలిగిన చోట పాడకూడదు, కాబట్టి సినిమాలున్నాయి, తర్వాత టీవీ తల్లులున్నాయి, మూడు దశాబ్దాలు. ఎంత నీడనిచ్చింది ఆ పండు.

ఇప్పుడు అది సొరుగులో ఉంది. లెక్క ఎటువేసినా ఒకటే. ఇవాళ గొంతు జారితే గది వెతుకుతారు, పండు దొరుకుతుంది, తెచ్చినదెవరో తేలుతుంది, కూతురు తల్లి గొంతు మింగిందని సాడెక్ దాకా చెప్పుకుంటారు. సెన్ తన దుకాణంలో నిలబడి ఆ మాట వింటుంది. జారకపోతే? వాసన నిండిన నాటకశాలలో, కాపలా లేని గొంతుతో, హో మీద దిగితే? అప్పుడు ఆవేళ పండు చేసిందేమీ లేదు. అప్పుడు ఈ ముప్పై ఏళ్ళూ జలుబుకు భయపడి కూర్చున్నట్టు. ఏది కావాలి నీకు? పటికబెల్లంలో ఉడికించిన చిన్న నారింజ రసం ఒక గుక్క. గొంతులో వెచ్చగా దిగింది. నది నిండినా పడవ నిండినా. ఊపిరి పైననే, మెడ దగ్గరే తిరుగుతోంది, కిందికి పోవడం లేదు, పొట్టలోకి పో, పొట్టలోకి పోవే.

"థి పండు!" బయట లొవాన్ కేక. "అమ్మో, ఎవరో థి పండు తెచ్చారు! నిజం, తాతల మీదొట్టు!"

"పోయిన నెల ఎలుక చచ్చినప్పుడు మల్లెపూలన్నావు," అన్నాడు ఏడో అన్న వాద్యగాళ్ళ గుంటలోంచి. "నీ ముక్కు సంగతి మాకు తెలుసులే."

"మామా, హాస్యం కాదు! మొదటి సీనే నాది. నాకిప్పుడే ఒక మాట గుర్తురావడం లేదు!"

"నీకు ఏ రోజు గుర్తొచ్చింది గనక."

చెప్పులు టపటపలాడుతూ వచ్చాయి. నాటక సమాజం యజమానురాలు లియూ, ఆవేళ తెరలాగే పిల్ల, ఇప్పుడు మెడలో పచ్చరాయి, నోట్లో సగం కాలిన సిగరెట్టు. ఒక్కొక్క గది తలుపు తోసి లోపలికి ముక్కు పెడుతోంది. "ఎవర్రా ఆ పని చేసింది? తేలితే కాళ్ళు విరగ్గొడతా. రెండో గంట కొట్టబోతున్నారు, ఇప్పుడా ఈ శని?" ఈ గుమ్మం దగ్గర ఆగింది. ఆగి, లోపలికి రెండడుగులు వేసి, సొరుగు వైపు చూసి, గొంతు తగ్గించింది. "అక్కా, ఇందాక మీ అమ్మాయి వచ్చింది కదా. చేతిలో ఏదో మూట ఉన్నట్టుంది..."

లొవాన్ ఆమె భుజం వెనకనుంచి తొంగిచూస్తోంది, నెత్తిమీద ఒకప్పుడు కియూ సా పెట్టుకున్న కిరీటం, కళ్ళు ఇంతింత చేసుకుని. ఆ పిల్ల ఇప్పుడు వెళ్ళి అందరితో చెబుతుందని తెలుసు. అవునని తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. పండు మళ్ళీ నీడనిస్తుంది, ఇవాళ పాడకపోయినా ఎవరూ ఏమనరు, వేషం తీసేసి ఇంటికి పొమ్మని లియూనే బతిమాలుతుంది. ఎంత సులువు.

"మూటలో బట్టలున్నాయి," అంది. "పండు నేనే తెప్పించుకున్నాను."

"నువ్వా!"

"వాసన చూడాలనిపించింది."

"మతిపోయిందా అక్కా నీకు? తాతల ఇంట్లో కూర్చుని! ఆవేళ ఏం జరిగిందో మర్చిపోయావా? తెర లాగింది నేనే, ఈ చేతులతో!"

"మర్చిపోలేదు లియూ. ఆవేళ నాకు జలుబు చేసింది. ఊపిరి చాలలేదు."

లియూ సిగరెట్టు నోట్లోంచి తీసింది. లొవాన్, "ఆరో అత్తా, అయితే ఇప్పుడు పారేద్దామా?" అంది చిన్నగా. రెండో గంట కొట్టారు. లియూ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ తేల్చుకోలేక, చివరికి లొవాన్ వీపుమీద ఒకటి చరిచింది. "నువ్వు పో ముందు. తాళం తప్పావంటే పండు పేరు చెప్పనివ్వను. పో!"

పలచటి తెల్లపూత, బూడిదరంగు జుట్టు, గోధుమరంగు బట్టలు, చేతిలో నూనె లేని దీపం. పీఠం ముందు నిలబడి అలవాటుగా మూడు అగరొత్తులు గుచ్చింది. ఆ బొమ్మల్లో తాతలు ఉన్నారో లేరో చెప్పడానికి గుర్తేమీ లేదు, ఎప్పుడూ లేదు. తెరపక్క చీకట్లో నిలబడింది. లొవాన్ సీను అవుతోంది, కత్తులు తగులుతున్నాయి, ఎవరో నవ్వుతున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఇదే మొదటిసారి. చెప్పేశావు కదా, ఇంక ఏముంది నీకు వెనక నిలబడడానికి, పండు లేదు, జలుబు లేదు, థుక్ లేదు, ఎక్కడో ముసలిదై ఉంటుంది ఆవిడ కూడా, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఐదో అమ్మ లేదు, నది అక్కడే ఉంది, నది నిండినా పడవ నిండినా, కిందికి పో, ఊపిరీ, పొట్టలోకి, ఊరి దీపాలన్నీ, ఒకవేళ సెన్‌కు ఈ గొంతు నచ్చకపోతే, ఇది మా అమ్మ కాదు అనుకుంటే, ఇప్పుడు మోకాళ్ళమీద కూర్చుని ఇంకొకరిలా పిలవడానికి లేదు, ఇంత దూరంనుంచి, ఇంతమంది మధ్య, ఒక్కొక్కటే ఆరిపోయినా, నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, పిలుస్తున్నారు, దీపం వెలుగు పడింది, నడువు.

రేవు మెట్టు మీద నిలబడి ఆమె పాట ఎత్తుకుంది. వాయిద్యాలు ఆగాయి. "ఊరి దీపాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయినా" అన్న తర్వాత నోరు తెరిచి, అందరికీ వినిపించేలా, ఊపిరి తీసుకుంది. మిగతా సగం పాడింది. ముందటికంటే ఒక స్వరం కింద, హో మీద దిగింది. గిటారూ, చెక్క తాళమూ అదే క్షణంలో పడ్డాయి. హాలు చప్పట్లు కొట్టింది. దీపాల వెలుగులో మూడో వరస ఆమెకు కనిపించలేదు. చప్పట్లు ఆగేదాకా ఏడో అన్న అదే స్వరాన్ని తీగమీద పట్టుకుని ఉన్నాడు. ఆమె రెండో వాక్యం మొదలుపెట్టింది.